రామబ్రహ్మం గారి పదకొండు రోజుల విశ్రాంతి

కోతలు కోయడానికి కొడవలి అక్కర్లేదు, ఎదురుగా నోరు తెరుచుకుని వినేవాడు ఒక్కడుంటే చాలు. మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల భవనానికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల ఉన్న భూలక్ష్మి టీకొట్టు దగ్గర రామబ్రహ్మం గారికి అలాంటివాళ్ళు రోజూ ఇద్దరు ముగ్గురు దొరికేవారు. ఆ రోజు దొరికినవాడు రవికిరణ్.

రవికిరణ్ అవస్థ ముందు చెప్పుకోవాలి. ఇరవై ఏడేళ్ళవాడు. బోరబండలో రెండు గదుల కిరాయి ఇంట్లో భార్య వాసంతితో కాపురం, అద్దాల భవనం మూడో అంతస్తులో ఉద్యోగం. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పి తలకిందులైపోతాయని లోకమంతా బెంగపెట్టుకున్న రోజులవి. ఆ తేదీలు సరిచేసే పనిలో ఎనిమిది నెలలుగా తలెత్తకుండా కూర్చున్నాడు. పోయిన వారం కాఫీ కప్పు పట్టుకుంటే చెయ్యి వణికి చొక్కా మీద ఒలికింది. డాక్టరు బీపీ చూసి, మిషను పాడైందేమోనని ఇంకో మిషను తెప్పించి మళ్ళీ చూసి, "పది రోజులు ఏ పనీ పెట్టుకోకు. నువ్వు ఆగకపోతే నీ గుండె ఆగుతుంది, తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

ఆగడం ఎలాగో మాత్రం ఆయన చెప్పలేదు. అందుకని రవికిరణ్ తనకు అలవాటైన పద్ధతిలోనే మొదలుపెట్టాడు. మొదటి రోజు పొద్దున్నే తెల్లకాగితం మీద గళ్ళు గీసి విశ్రాంతికి ప్లాన్ వేశాడు. ఆరింటికి తీరిగ్గా నడక, ఆరున్నరకి ఆకాశం చూడడం, ఆరూముప్పావుకి మనసు ఖాళీ చేసుకోవడం. ఏడున్నర దాటినా మనసు ఖాళీ కాలేదు. అప్పటికే ప్లాన్ ముప్పావుగంట వెనకబడింది. ఆ ముప్పావుగంటని ఎక్కడో అక్కడ పూడ్చాలి కదా, మధ్యాహ్నం నిద్రలోంచి కోసేశాడు. రెండో రోజు వంటింట్లో నిలబడి, పప్పు ముందు ఎక్కించాలా చారు ముందు ఎక్కించాలా అని వాసంతికి బొమ్మ గీసి వివరిస్తుంటే, ఆవిడ గరిటె అతని చేతిలో పెట్టి "అయితే మీరే కానివ్వండి" అని వెళ్ళి వాకిట్లో కూర్చుంది. మూడో రోజు అలా నడిచొస్తానని బయల్దేరి, బస్సెక్కి, తిన్నగా ఆఫీసు ఎదుట దిగాడు. జేబులో ఉత్తరం ఉంది. మిగిలిన వారం రోజుల సెలవు రద్దు చేసి తనను పనిలోకి తీసుకోమని అందులో రాశాడు. ఒక టీ తాగి, లోపలికి వెళ్ళి ఇచ్చేస్తే ఈ బాధ వదులుతుందనుకున్నాడు.

"సెలవులో ఉన్నావని చెప్పారే, ఇక్కడేం చేస్తున్నావయ్యా?" అంటూ పక్కన బల్ల మీద కూలబడ్డారు రామబ్రహ్మం గారు. కాకినాడ మనిషి. యాభై మూడేళ్ళు. సర్కారు ఆఫీసులో పాతకాలం కంప్యూటర్ల దగ్గర పాతికేళ్ళు పనిచేసినాయన. కుర్రకారుకి రాని పాత కంప్యూటరు భాష ఆయనకి వచ్చని కంపెనీవాళ్ళు బతిమాలి తెచ్చుకున్నారు. నడుముకి ఆఫీసు పిలిచినప్పుడల్లా మోగే పేజరు, జేబులో రెండు పెన్నులు, నోట్లో ఎప్పుడూ ఒక కథ.

రవికిరణ్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "విశ్రాంతి తీసుకోవడం నాకు చేతకావడం లేదండీ. డాక్టరేమో భయపెట్టాడు. నాకు ఏం చేయాలో తెలియడం లేదు."

పక్కనే తన ఆటోలో కాళ్ళు చాపుకుని కూర్చున్న నర్సింహ కిసుక్కున నవ్వాడు. "ఊకె పండుకునేటందుకు గింత పరేషానా సారూ?"

"నవ్వకు నర్సింహా, అదొక విద్య. అందరికీ అబ్బదు" అన్నారు రామబ్రహ్మం గారు, టీ గ్లాసు అందుకుంటూ. "ఏదో పూర్వజన్మ సుకృతం వల్ల నాకు పట్టుబడింది. చెబుతా విను అబ్బాయ్. పోయిన మార్చిలో ఒక మధ్యాహ్నం భోంచేసి మంచమ్మీద నడుం వాల్చాను. నలభై నిమిషాలు కునుకు తీశాను. అంతే, పెద్ద విశేషమేం కాదు. కాకపోతే ఆ నలభై నిమిషాల్లో పేజరు పదమూడుసార్లు మోగింది, నేను చూడలేదు."

రవికిరణ్‌కి నమ్మబుద్ధి కాలేదు. పదమూడుసార్లు. అతను స్నానాలగదిలో కూడా పేజరుని సబ్బు పెట్టె పక్కన పెట్టుకునే మనిషి. రెండోసారి మోగేదాకా చూడకుండా ఉన్న సందర్భం పెళ్ళిపీటల మీద ఒక్కటే, దానికి కూడా మూడు రోజులు మాటలు పడ్డాడు.

"చూడకుండా ఎలా ఉండగలిగారండీ?"

"పదమూడోసారి మోగగానే లేచి, దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పాతిపెట్టి మూతపెట్టి, మళ్ళీ పడుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది లోపల వణుకుతూనే ఉంది కదా, వణికీ వణికీ, సాయంత్రానికి మా ఆవిడ మూత తీసి చూస్తే బియ్యం ఒక పక్కకి, రాళ్ళు ఒక పక్కకి, మెరికలు ఇంకో పక్కకి చేరి ఉన్నాయి. మా ఇంట్లో ఆ నెలంతా చేట పట్టిన మనిషి లేదు. పక్కింటి సీతాబాయి గారు కూడా వాళ్ళ కందిపప్పు తెచ్చి, ఒక్క గంట మీ పేజరు ఇప్పించండి అని అడిగింది, కావాలంటే వెళ్ళి కనుక్కో."

"గట్లయితే నాకోటి ఇప్పియ్యి సారూ, మా ఇంట్ల రేషన్ బియ్యమే" అన్నాడు నర్సింహ.

భూలక్ష్మి నవ్వలేదు. స్టవ్ మీద పాలు కలుపుతూ తల దించుకునే ఉంది. మామూలుగా ఆవిడ రామబ్రహ్మం గారి కోతలకి ముందుగా నవ్వే మనిషి.

రవికిరణ్ కూడా నవ్వలేదు. రాళ్ళూ మెరికలూ కోత అని అతనికీ తెలుసు. కానీ ఒక మనిషి, బుద్ధి తెలిసి, పేజరుని చేత్తో తీసి డబ్బాలో వేసి మూతపెట్టాడన్న మాట దగ్గర అతని మనసు అదిరిపడి అక్కడే నిలబడిపోయింది.

"ఇక రెండో రోజు" అన్నారు రామబ్రహ్మం గారు. ఆయన గొంతు ఒక మెట్టు పైకెక్కింది. "నేను లేవలేదు. ఎందుకు లేస్తాను? ఆఫీసునుంచి మనిషిని పంపారు, రామబ్రహ్మం గారిని లేపుకు రమ్మని. ఆ వచ్చినవాడు నా మంచం పక్కన నిలబడి సార్ సార్ అని రెండుసార్లు పిలిచి, నా మొహంలో ఆ ప్రశాంతత చూసి, ఆవులించి, చాప పరుచుకుని నా పక్కనే పడుకున్నాడు. వాడు రాలేదని ఇంకొకడిని పంపారు, వాడూ పడుకున్నాడు. వాళ్ళిద్దరి కోసం నలుగురొచ్చారు, ఆ నలుగురి కోసం టీం మొత్తం వచ్చింది. సాయంత్రానికి మా డాబా మీద పదిహేడు మంది ప్రోగ్రామర్లు, మెళ్ళో కార్డులు మెళ్ళోనే ఉన్నాయి, వరసగా పడుకుని ఉంటే మా ఆవిడ ఒడియాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిట్టిపోసింది. ఆఖరికి మేనేజరే వచ్చాడు. పెద్దమనిషి కదా, కింద పడుకుంటే బాగోదని, నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని నిలబడే గురక పెట్టాడు."

"టై కట్టుకునేనా సారూ?"

"టై గాలికి ఎగిరి మొహమ్మీద పడితే దుప్పటనుకుని తలమీదికి లాక్కున్నాడు."

"మరి ఆ రోజు పని ఎవరు చేశారండీ?" అన్నాడు రవికిరణ్. "పదిహేడు మంది. ఒక రోజంతా. పని ఇచ్చిన అమెరికా వాళ్ళకి ఏం చెప్పారు?"

నర్సింహ అతని వంక వింతగా చూశాడు.

"అక్కడికే వస్తున్నా. తొందరేంటి? నీకు ఆ తొందరే జబ్బు" అన్నారు రామబ్రహ్మం గారు. "మూడో రోజుకి ఆ నిద్ర మా వీధి దాటింది. కొత్త బిల్డింగుల కోసం ఇక్కడ బండరాళ్ళు పేలుస్తారు చూడు, ఆ రోజు కూడా రాతికి చిల్లు పెట్టి మందు కూరి వత్తి అంటించారు. నిప్పు బుస్సుమని పాకుతూ సగం దూరం వచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నిప్పుకి కునుకొచ్చింది. వత్తి మీదనే ఆగి, బూడిద కప్పుకుని పడుకుంది. ఈ రోజుకీ ఆ బండ పేలలేదు. శేరిలింగంపల్లి వెళ్ళే దోవలో ఉంటుంది, ఎవరూ గట్టిగా మాట్లాడరు దాని దగ్గర."

"గా తొవ్వల నేను దినాం తిరుగుత. నాకు నిద్ర రాకపాయె?"

"నీ ఆటో చప్పుడుకి నిద్ర హడలిపోయి పక్క సందులోకి పారిపోయుంటుంది. ఇక ఈ అద్దాల మేడ సంగతి అడుగు. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్యలో ఆగి, కాసేపు ఊపిరి పీల్చుకుని బయల్దేరేది. ఐదో రోజున తేదీల పరీక్ష పెట్టారు. కంప్యూటరుని డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి పదకొండూ యాభై తొమ్మిదికి పెట్టి, ఇక రెండు వేలలోకి దూకు అన్నారు. అది దూకలేదు. వచ్చే శతాబ్దం ఎక్కడికి పోతుంది, నెమ్మదిగా వెళ్దాం అని తెరమీద తెల్లటి అక్షరాల్లో రాసి ఊరుకుంది. అమెరికా వాడు ఫోన్ చేసి కేకలేశాడు. మనవాళ్ళు ఏం చేయాలో పాలుపోక, ఆ ఫోను తీసుకొచ్చి నా ముక్కు దగ్గర పెట్టారు. నా గురక సముద్రాల మీదుగా వెళ్ళింది. అక్కడ ఆఫీసులో నాలుగు వందల మంది బల్లల మీద తలలు వాల్చేశారు. తెల్లారి ఉత్తరం పంపారు, ఎనిమిది నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాం, ఆ మహానుభావుడిని లేపవద్దు అని."

ఎనిమిది నెలలు అన్న మాట రవికిరణ్‌కి తగిలింది. అది సిగ్గో ఆశో అతనికే తెలియలేదు. ఎవరో అతనిని కూడా లేపవద్దని రాస్తే బాగుండుననిపించింది.

"మొత్తం ఎన్ని రోజులు పడుకున్నారండీ?"

"పదకొండు." రామబ్రహ్మం గారు వేళ్ళు చాపి చూపించారు, పది వేళ్ళూ, మళ్ళీ ఒకటి. "పదకొండు రోజులు, మంచం దిగకుండా. ఆకలేస్తే లేచి తినాలి కదా అంటావు. ఆ శ్రమ కూడా లేదు. తిండి దానంతటదే చుక్క చుక్కగా ఒంట్లోకి దిగేది, నమలాల్సిన పని లేదు. పక్కన నా ఒక్కడి కోసమే ఒక టీవీ పెట్టారు. అందులో వార్తలుండవు, క్రికెట్టుండదు, ఒక పచ్చగీత కొండలెక్కి దిగుతూ ఉంటుంది, అంతే. చుట్టూ ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఒకావిడ వచ్చి ఉష్ అనేది. మహారాజులకి జరిగిందా అలాంటి సేవ?"

భూలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది.

రవికిరణ్ జేబులోంచి ఉత్తరం తీశాడు. వేరే కాగితం లేదు. దాన్ని వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. పేజరు, బియ్యం డబ్బా. మంచం దిగరాదు. పదకొండు రోజులు. తల ఎత్తి, "ఆ టీవీ ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగాడు. అతను నిజంగానే అడిగాడు.

"సారూ, ఇగ చాలు" అంది భూలక్ష్మి.

ఆవిడ స్టవ్ మంట తగ్గించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "ఎవ్వలికి చెప్పద్దన్నరు, చెప్పలె. ఇన్ని దినాలు మీరేం చెప్పినా నవ్విన. కని ఈ తమ్ముడు రాసుకుంటున్నడు సారూ. నిజమనుకోని రాసుకుంటున్నడు."

"భూలక్ష్మమ్మా" అన్నారు రామబ్రహ్మం గారు, మెల్లగా.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. రవికిరణ్ వైపు తిరిగి చెప్పింది. "మార్చి నెలల, మంగళారం పొద్దుగాల, గీ బల్ల మీదనే కూసున్నడు సారు. చాయ్ గిలాస చేతులకెల్లి జారింది. చెమటలు పట్టినయి, మొఖం నల్లగైంది. నేను మా ఇంటాయన ఇద్దరం లేపి ఎవ్వలదో ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోయినం. సారు తలకాయ నా ఒళ్ళెనే ఉండె. గా పదకొండు దినాలు పండుకున్నది దవాఖాన మంచం మీద. చుక్క చుక్కగ ఎక్కింది గ్లూకోజు. గా పచ్చగీత సారు గుండెకాయది."

నర్సింహ ఆటోలోంచి కాళ్ళు కిందికి దించాడు. రోడ్డు మీద కంకర లారీ ఒకటి వెళ్ళింది, దాని దుమ్ము బల్ల మీదికొచ్చింది.

"పేజరు?" అన్నాడు రవికిరణ్.

"ఏం బియ్యం డబ్బా తమ్మీ. పిడికిట్ల ఉండె. మూతికి గొట్టం పెట్టిన్రు, కాళ్ళకాడ ఇంటామె ఏడుస్తున్నది, సారుకు తెలివి లేదు, గప్పుడు కూడ ఇడ్వలె. డాక్టరు ఒక్కొక్క ఏలు ఇప్పి తీసిండు. నా కండ్లతోని చూసిన."

పేజరు మోగినా చూడని మనిషి ఈ లోకంలో ఒకడున్నాడని రవికిరణ్ ఇంతసేపూ కొండంత ధైర్యం తెచ్చుకున్నాడు. ఆ ధైర్యం కాస్తా పోయింది. పక్కన కూర్చున్న మనిషి వైపు చూడడానికి భయం వేసింది, అయినా చూశాడు. రామబ్రహ్మం గారి మొహంలో కోపం లేదు. సిగ్గు కూడా పెద్దగా లేదు. కోతలు ఆగిపోయాక ఆ మొహం ఇంకో మనిషి మొహంలా ఉంది, బాగా ముసలిగా.

"అక్కడైనా..." రవికిరణ్‌కి ఎలా అడగాలో తెలియలేదు. "ఆస్పత్రిలోనైనా మీకు విశ్రాంతి దొరికిందా అండీ?"

రామబ్రహ్మం గారు గ్లాసు చేతిలో తిప్పారు. నిజం చెప్పడం అలవాటు తప్పినవాళ్ళకి మాట వెతుక్కోవలసి వస్తుంది.

"రెండు రోజులు" అన్నారు. "మొదటి రెండు రోజులు, తెలివి లేనప్పుడు. అబద్ధం కాదు అబ్బాయ్, అంత హాయి నా జన్మలో ఎరగను. ఏ చప్పుడూ లేదు, ఏ తేదీ లేదు. మూడో రోజు కళ్ళు తెరిచాను. మా ఆవిడ నా మొహమ్మీదికి వంగి ఏదో అంటోంది. నేను ఆవిడని మొట్టమొదట అడిగింది, ఇవాళ తేదీ ఎంత అని. ఆ తర్వాత తొమ్మిది రోజులూ పడుకున్నాను కానీ, ఇంకెక్కడ?" మళ్ళీ ఆయనే అన్నారు. "ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ రెండు రోజులు గుర్తొస్తాయి. మళ్ళీ వస్తే బాగుండుననిపిస్తుంది."

ఆ మాటకి రవికిరణ్ భయపడ్డాడు. చావుకి దగ్గరగా వెళ్ళొచ్చిన మనిషి దాన్ని తలుచుకుని నోరూరినట్టు మాట్లాడుతున్నాడు. అంతకంటే భయమేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ మాట తనకి పూర్తిగా అర్థమైంది.

రామబ్రహ్మం గారు గ్లాసు బల్లమీద పెట్టి వాచీ చూసుకున్నారు. ఒక్కసారిగా ఆయన ఒంట్లోకి ఆయన తిరిగొచ్చినట్టయింది. "అయ్యయ్యో, పదకొండున్నరకి టెస్టింగు, నేను లేకపోతే ఒక్కడికీ ఏమీ తెలియదు" అంటూ లేచి, రోడ్డు దాటి, చేత్తో ఎడమవైపు రొమ్ము పట్టుకుని సగం నడక సగం పరుగుగా గేటు దగ్గరికి చేరుకున్నారు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, "ఏమోయ్, వస్తున్నావా?" అని కేకేశారు.

ఆయన పిలిచింది ఎవరినా అని రవికిరణ్ చుట్టూ చూశాడు. బల్ల లేదు. టీకొట్టు వెనకాల ఉంది. తను నడిరోడ్డు మీద ఉన్నాడు. ఉత్తరం చేతిలో ఉంది. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు ఇంతదూరం నడిచాడో అతనికి తెలియదు. ఇంకో కంకర లారీ చెవులు బద్దలయ్యేలా హారన్ కొట్టింది. నర్సింహ పరిగెత్తుకొచ్చి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు, లాక్కొచ్చి బల్ల మీద కూలేశాడు.

లారీవాడు తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. రవికిరణ్ తన కాళ్ళ వంక చూసుకున్నాడు. "నేను లేవలేదక్కా. నిజంగా నేను లేవలేదు" అన్నాడు భూలక్ష్మితో. ఏడుపొచ్చింది అతనికి. "కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి."

"చూసిన తమ్మీ."

"ఏం చెయ్యాలి ఇప్పుడు?"

"ఏం చెయ్యకు" అంది భూలక్ష్మి. "ఊకె కూసో."

రవికిరణ్ తల ఊపాడు. నిటారుగా కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, అటూ ఇటూ కదలకుండా చెప్పినట్టే చేయడానికి గట్టిగా ప్రయత్నించాడు.

"ఎంతసేపు?" అని అడిగాడు.

నర్సింహ నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు.